పాఠం ఫ్రీ, మరి దిద్దేదెవరు?

పదిహేనేళ్ల కిందట అనంతపురం నుంచో కడప నుంచో బీటెక్ పూర్తి చేసి బెంగళూరు బస్సెక్కిన కుర్రాడు జావా నేర్చుకోవాలంటే మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో ఇన్‌స్టిట్యూట్ వెతుక్కోవాలి, డెమో క్లాస్ వినాలి, ఫీజు బేరమాడాలి, పొద్దున ఏడింటి బ్యాచ్‌లో చోటు దొరికితే వెళ్లి కూర్చోవాలి. ఇప్పుడు అదే జావా, చాలాసార్లు అంతకంటే బాగా చెప్పేవాళ్ల దగ్గర, తెలుగులోనే, పైసా ఖర్చు లేకుండా యూట్యూబ్‌లో ఉంది. పైథాన్ ఉంది, టెస్టింగ్ ఉంది, క్లౌడ్ ఉంది. పాఠం ఇంత చవగ్గా మన దగ్గర ఎప్పుడూ దొరకలేదు. అయినా అదే బెంగళూరులో పేయింగ్ గెస్ట్ (పీజీ) గదుల్లో ఆరు నెలలుగా, ఏడాదిగా వీడియోలు చూస్తూ, ఇంటర్వ్యూలో మొదటి కోడింగ్ రౌండ్ దాటలేక ఇంటికి ఫోన్ చేయడానికి కూడా మొహం చెల్లక తిరుగుతున్నవాళ్లు బోలెడంత మంది. వాళ్లకు తెలివి లేదనో, బద్ధకమనో తీసిపారేయడం తేలికే, కానీ అది నిజం కాదు. టెక్నాలజీ చదువులో సగం పనిని మాత్రమే చవక చేసింది. చెప్పడం చవకైంది. చేయించడం, చేసినదాన్ని చూసి తప్పెక్కడుందో పట్టుకుని చెప్పడం ఇప్పటికీ ఖరీదే, ఆ ఖరీదు పెట్టుకోగలిగినవాళ్లకే చదువు అబ్బుతోంది. బెంగళూరు తెలుగు ఇళ్లలో, పీజీల్లో కనిపించే చాలా విషయాలు ఈ ఒక్క లెక్కతో అర్థమవుతాయి.

చెప్పడం చవక కావడం చిన్న విషయమేమీ కాదు, ముందు ఆ మాట ఒప్పుకోవాలి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంజనీరింగ్‌లో ఒక్కసారిగా ఇంగ్లిష్ లెక్చర్ల మధ్య పడి, నాలుగేళ్లూ బట్టీ పట్టి గట్టెక్కిన పిల్లలు మన జిల్లాల్లో లెక్కలేనంత మంది. ప్రోగ్రామింగ్‌లో క్లాస్ అంటే ఏంటి, ఆబ్జెక్ట్ అంటే ఏంటి అని ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పే మనిషి వాళ్లకు జీవితంలో మొదటిసారి ఫోన్లో దొరికాడు. అర్థం కాకపోతే పదిసార్లు వెనక్కి తిప్పుకుని వినొచ్చు, ఎవరూ విసుక్కోరు. అరవై మంది ముందు చెయ్యెత్తి సార్ మళ్లీ చెప్పండి అనడానికి సిగ్గుపడే అమ్మాయికి, చీకటి పడ్డాక ట్యూషన్‌కు ఇంట్లోంచి పంపని అమ్మాయికి ఇది చాలా పెద్ద తేడా. 2003లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ అనే ఉచిత ఆన్‌లైన్ పాఠాల వేదిక వల్ల, ఒకప్పుడు ఆ గేటు లోపలికి వెళ్లినవాళ్లకే దొరికే లెక్చర్లు ఇవాళ మదనపల్లెలో చదివే కుర్రాడికి కూడా అందుతున్నాయి. ఈ లాభాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు సాధారణంగా మంచి టీచర్లు మొదటినుంచీ దొరికినవాళ్లే అయి ఉంటారు.

మరి చిక్కు ఎక్కడొస్తోంది? ఒక ఉదాహరణ దగ్గరగా చూస్తే తెలుస్తుంది. డేటాబేస్‌లోంచి వివరాలు రాబట్టే భాష ఎస్‌క్యూఎల్. అది నేర్చుకునే ప్రతి ఒక్కరూ రెండు టేబుళ్లను కలిపే జాయిన్‌ల వీడియో చూస్తారు. ఉద్యోగుల టేబుల్ ఒకటి, డిపార్ట్‌మెంట్ల టేబుల్ ఒకటి. ఇన్నర్ జాయిన్ రాస్తే ఇంకా ఏ డిపార్ట్‌మెంట్‌లోనూ వేయని కొత్త ఉద్యోగి లిస్టులోంచి మాయమైపోతాడు. లెఫ్ట్ జాయిన్ రాస్తే అతని పేరు వస్తుంది, పక్కన డిపార్ట్‌మెంట్ గడిలో నల్ అని ఉంటుంది. వీడియోలో చూస్తుంటే ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. ఇంటర్వ్యూలో ఖాళీ స్క్రీన్ ఇచ్చి, డిపార్ట్‌మెంట్ లేని ఉద్యోగుల పేర్లు మాత్రమే తీయమంటారు. లెఫ్ట్ జాయిన్ దాకా గుర్తుంటుంది, ఆ తర్వాత షరతులో నల్‌కు సమానం అని మామూలుగా ఈక్వల్స్ గుర్తు పెట్టేస్తారు. క్వెరీ, అంటే రాసిన ఆ ఆదేశం, రన్ అవుతుంది, ఎర్రర్ రాదు, ఒక్క వరస కూడా రాదు. తప్పు చెప్పకుండా ఖాళీ జవాబు ఇచ్చి ఊరుకునే ఇలాంటి చోటే కొత్తవాళ్లు కూలబడిపోతారు. నల్ అంటే విలువ తెలియదని అర్థం, తెలియనిదాన్ని దేంతోనూ సమానమా అని పోల్చలేం, ఈజ్ నల్ అని రాయాలి. ఈ ముక్క వీడియోలో కూడా చెప్పే ఉంటారు, కానీ చెప్పేవాడు ఆ తప్పు చేయడు కదా, నేరుగా సరైనదే టైప్ చేస్తాడు, చూసేవాడి కళ్లు దాని మీదుగా జారిపోతాయి. తానే రాసి, ఖాళీ ఫలితం చూసి, అరగంట తల పట్టుకుని, పక్కనున్న సీనియర్ స్క్రీన్ వైపు ఒక్క క్షణం చూసి అక్కడ ఈజ్ పెట్టు అన్నప్పుడు మాత్రం ఇక జన్మలో మర్చిపోడు. ఆ అరగంట, ఆ సీనియర్, ఈ రెండూ యూట్యూబ్‌లో దొరకవు.

దీని మీద పరిశోధనలు కూడా ఉన్నాయి, అవి చెప్పేది కాస్త కలవరపెట్టేలాగే ఉంటుంది. 2018లో షికాగో యూనివర్సిటీకి చెందిన కార్డాస్, ఓబ్రయన్ అనే ఇద్దరు పరిశోధకులు, డార్ట్ విసరడం, మూన్‌వాక్ లాంటి పనుల వీడియోలను కొందరికి ఒక్కసారి, కొందరికి ఇరవై సార్లు చూపించారు. ఎక్కువసార్లు చూసినవాళ్లకు మేం బాగా చేయగలం అన్న నమ్మకం పెరిగింది. చేసి చూపించమంటే మాత్రం ఒక్కసారి చూసినవాళ్ల కంటే మెరుగ్గా ఏమీ చేయలేకపోయారు. అంతకుముందు 2006లో రోడిగర్, కార్పికీ చదువు విషయంలోనే ఇలాంటిది తేల్చారు. ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్లను, ఒకసారి చదివి పుస్తకం మూసేసి గుర్తున్నది రాసినవాళ్లను పోలిస్తే, అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం ఆగి పెడితే తిరగబడింది: చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 56 శాతం. ఇక 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, తమంతట తాము లెక్కలు చేస్తూ నేర్చుకున్నవాళ్లు మంచి లెక్చర్ విన్నవాళ్ల కంటే ఎక్కువే నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు. అంటే నేర్చుకుంటున్నప్పుడు కలిగే కష్టం మనకు చేతకానితనంలా అనిపిస్తుంది, వింటున్నప్పుడు కలిగే సుఖం వచ్చేసినట్టు అనిపిస్తుంది. పీజీ గదిలో రెట్టింపు స్పీడ్‌లో ప్లేలిస్ట్ పూర్తి చేసిన కుర్రాడు అబద్ధం చెప్పడం లేదు. అతనికి నిజంగానే వచ్చేసినట్టు అనిపిస్తోంది.

సోషల్ మీడియా ఈ భ్రమను పుట్టించలేదు, అది మనిషిలో ముందునుంచీ ఉన్నదే. కానీ దాన్ని పెంచి పోషించేలా దాని తయారీ ఉంది. యూట్యూబ్ 2012లో తన సిఫార్సుల పద్ధతి మార్చింది, ఎంతమంది క్లిక్ చేశారన్నదాని కంటే ఎంతసేపు చూశారన్నదానికి బరువు పెంచింది. వినోదానికైతే అది బాగానే ఉంటుంది. పాఠానికి వచ్చేసరికి పేచీ వస్తుంది. మంచి టీచర్ ఎవరైనా ఏదో ఒక చోట ఆగి, ఇప్పుడు వీడియో ఆపేసి ఈ లెక్క మీరే చేయండి, పావుగంట తర్వాత రండి అనాలి. ఆ మాట అన్న టీచర్‌కు చూసేవాళ్లు జారిపోతారు, వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రారు, ఛానెల్ కిందికి పోతుంది. ఏ తడబాటూ లేకుండా, ఎక్కడా ఆపకుండా, నవ్విస్తూ మొత్తం తానే చేసి చూపించే టీచర్ పైకి వస్తాడు. ఎవరూ కుట్ర చేయడం లేదు. లెక్కపెట్టేది చూసిన సమయాన్ని అయినప్పుడు, చూడబుద్ధేసే పాఠమే గెలుస్తుంది. రీల్స్ దగ్గరికి వచ్చేసరికి ఇది ఇంకా ముదిరింది. అరవై సెకన్లలో జావాస్క్రిప్ట్, మూడు నెలల్లో ఫుల్ స్టాక్, ఈ అయిదు వెబ్‌సైట్లు తెలిస్తే చాలు ఉద్యోగం గ్యారంటీ, కామెంట్లో లింక్ అని రాయండి పీడీఎఫ్ పంపిస్తాం. ఆ పీడీఎఫ్‌లు టెలిగ్రామ్ గ్రూపుల్లో గుట్టలుగా పడి ఉంటాయి. దాచుకున్న ప్రతి రీలూ, డౌన్‌లోడ్ చేసుకున్న ప్రతి పీడీఎఫూ ఈ రోజు ఏదో చేశాం అన్న తృప్తినిస్తుంది, ఆ తృప్తితోనే రోజు గడిచిపోతుంది.

చిన్నపిల్లల విషయంలో తేదీలు కొంచెం వరుసగా పెట్టి చూడాలి. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. జూన్ నెలాఖరున కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలోకి వచ్చింది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ ప్రపంచంలో ముందుగా ఇక్కడే పరీక్షకు దిగింది. ఆ నెలల్లోనే ఆన్‌లైన్ క్లాసుల పేరుతో, అప్పటిదాకా ఫోన్ ముట్టుకోనివ్వని ఇళ్లలో కూడా పిల్లల చేతికి ఫోన్ వచ్చింది. కర్ణాటక ప్రభుత్వం ఆ జూన్‌లో అయిదో తరగతి లోపు పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు వద్దని ఉత్తర్వులిచ్చింది, జులైలో హైకోర్టు దాని అమలును నిలిపేసింది, క్లాసులు సాగాయి. బెంగళూరులో ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలు మళ్లీ బడి గదిలో కూర్చునేసరికి 2021 అక్టోబరు దాటబోతోంది. ఏడాదిన్నర. చదువుకునే పరికరం, వినోదం పంచే పరికరం ఒకటే అయిపోయి, రెండింటి మధ్య వేలి కదలిక అంత దూరమే మిగిలిన కాలం అది. బడులు తెరుచుకున్నాయి కానీ ఫోన్ మాత్రం మళ్లీ వెనక్కి వెళ్లలేదు.

2025 జనవరిలో వచ్చిన అసర్ నివేదికలో దీని తర్వాతి కథ కనిపిస్తుంది. అది గ్రామీణ భారతం మీద చేసిన సర్వే, 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 80 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవాళ్లే. వాళ్లలో అంతకు ముందు వారంలో చదువు సంబంధమైన పనికి ఫోన్ వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. సగానికి పైగా పిల్లలు చదువుకూ వాడుతున్నారన్నది నిజంగా మంచి వార్తే. పరికరం అందడం అన్న సమస్య పల్లెల్లో కూడా చాలావరకు తీరిపోయిందనీ, అందిన పరికరంతో ఏం చేయిస్తున్నాం అన్నదే మిగిలిందనీ దీన్నిబట్టి అర్థమవుతుంది.

నగరంలోనైతే పరికరం అందడం అన్నమాటకే రెండు అర్థాలున్నాయి. వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లో ఉండే సాఫ్ట్‌వేర్ కుటుంబంలో పిల్లాడికి సొంత ట్యాబ్ ఉంటుంది, పక్కన చూసుకునే అమ్మో నాన్నో ఉంటారు. కేఆర్ పురం వైపు ఒకే గది ఇంట్లో ఉండి, రాయలసీమ నుంచి బిల్డింగ్ పనులకు వచ్చినవాళ్ల ఇంట్లో, క్యాబ్ నడిపేవాళ్ల ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ పొద్దున్నే తండ్రితో పాటు బయటికి వెళ్లిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి తిరిగొస్తుంది. టీచర్ క్లాస్ గ్రూపులో మధ్యాహ్నం పెట్టిన హోంవర్క్ ఆ పిల్లకు అప్పుడు తెలుస్తుంది. ఒకప్పుడు హోంవర్క్ డైరీలో ఉండేది, పిల్లలే బోర్డు మీద చూసి రాసుకునేవాళ్లు, మర్చిపోతే మర్నాడు వాళ్లే జవాబు చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు అది వాట్సాప్ గ్రూపులోకి, అంటే తల్లి ఫోన్లోకి వెళ్లిపోయింది. రేపటికి చార్ట్ పేపర్ తేవాలి, ఎల్లుండి యాక్టివిటీకి థర్మాకోల్ కావాలి అని సాయంత్రం మెసేజ్ వస్తుంది, టెన్షన్ అమ్మకి. తన పని తాను గుర్తుపెట్టుకుని, రాసుకుని, పూర్తి చేసుకోవడం కూడా బడి నేర్పే విద్యే, అది పిల్లల చేతుల్లోంచి నిశ్శబ్దంగా తల్లుల చేతుల్లోకి జారిపోయింది. చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, పదో తరగతికి వచ్చినా ఏ సబ్జెక్టులో ఏం మిగిలిందో అమ్మని అడిగే పిల్లలు ఎందుకు పెరుగుతున్నారో ఆలోచించేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టాలి.

దిద్దడమే ఖరీదైన పని అన్నదానికి వ్యాపారం కూడా సాక్ష్యం చెబుతుంది. ఆన్‌లైన్ చదువుల కంపెనీల్లో పెద్దవి కొన్ని బెంగళూరులోనే పుట్టాయి. 2011లో మొదలైన బైజూస్ 2015లో యాప్ తెచ్చింది, 2022 నాటికి దాని విలువ 2,200 కోట్ల డాలర్లని లెక్కగట్టారు, 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ పతనానికి అప్పులు, కోర్టు వివాదాలు లాంటి కారణాలు చాలా ఉన్నాయి, వీడియో పాఠాల వల్లే పడిపోయిందనడం సరికాదు. కానీ ఆ రంగమంతా ఎటు నడిచిందో చూడండి. ఆన్‌లైన్ ఊపులో ఉన్న 2021లోనే బైజూస్ వెళ్లి కొన్నది ఆకాశ్‌ను, అంటే గదులు, బెంచీలు, టీచర్లు ఉన్న కోచింగ్ సెంటర్లను. 2010లో యూట్యూబ్ ఛానెల్‌గా మొదలైన అన్‌అకాడమీ, అలాగే యూట్యూబ్ నుంచే ఎదిగిన ఫిజిక్స్‌వాలా, రెండూ 2022లో ఆఫ్‌లైన్ సెంటర్లు తెరిచాయి. అలాంటిదే ఫ్రీగా ఇంకెక్కడో దొరుకుతున్నప్పుడు పాఠానికి జనం పెద్ద రేటు ఎంతకాలం కడతారు? రోజూ టైముకు కూర్చోబెట్టడం, వారం వారం టెస్ట్ పెట్టడం, పేపర్ దిద్ది చేతికివ్వడం, రాకపోతే ఇంటికి ఫోన్ చేయడం, డబ్బు కట్టడానికి తల్లిదండ్రులు ఒప్పుకునేది వీటికి.

ప్రభుత్వ రంగంలోనూ ఇదే కనిపిస్తుంది. ఎన్‌పీటెల్‌లో పాఠం ఉచితం, వారం వారం అసైన్‌మెంట్లు ఉంటాయి, సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి సెంటర్‌కు వెళ్లి పరీక్ష రాయాలి. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ప్రోగ్రామింగ్, డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీలోనూ క్లాసులు ఇంట్లో, పరీక్షలు సెంటర్లో. ఆ వారం వారం గడువే చాలామందిని నడిపిస్తుంది. గడువు, దిద్దుబాటు రెండూ పలచబడితే ఏమవుతుందో హార్వర్డ్, ఎంఐటీల ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో చూశాం: 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసినవాళ్లు మూడు శాతం చిల్లర.

ఇప్పుడు కథలోకి ఏఐ వచ్చింది, ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే చెప్పడమే కాకుండా దిద్దడం కూడా చవక చేయగలిగిన మొదటి యంత్రం ఇదే. ఏడో తరగతి నోట్‌బుక్‌లో ఒక లెక్క తీసుకుందాం: −3 − (−5). జవాబు 2. ఒక పిల్లాడు −8 అని రాశాడు. లెక్కల టీచర్‌కు ఆ −8 చూడగానే తెలిసిపోతుంది, బ్రాకెట్ లోపలున్న మైనస్‌ను వాడు లెక్కలోకి తీసుకోలేదు. పక్క బెంచీ పిల్ల −2 అని రాసింది. ఆ పిల్లకు రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్ అని తెలుసు, −3 + 5 దాకా సరిగ్గానే వచ్చింది, తీసివేసేటప్పుడు పెద్ద సంఖ్య గుర్తు పెట్టాలన్నది తప్పింది. ఇద్దరివీ తప్పులే, కానీ ఇద్దరికీ చెప్పాల్సింది వేరు. ఫోన్‌తో లెక్కను ఫొటో తీసి యాప్‌లో పెడితే రెండు సెకన్లలో సరైన స్టెప్పులన్నీ అందంగా వస్తాయి, ఇద్దరూ కాపీ చేసుకుంటారు, రెండు నోట్‌బుక్కుల్లోనూ టిక్ పడుతుంది, రెండు తప్పులూ అలాగే బుర్రలో ఉండిపోతాయి. తప్పు నోట్‌బుక్ దాకా వస్తేనే టీచర్ కంటపడేది. ఇప్పుడది మధ్యలోనే మాయమవుతోంది.

తుర్కియేలో (టర్కీలో) వెయ్యి మంది దాకా హైస్కూల్ పిల్లల మీద జరిగి, 2025లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో అచ్చైన ప్రయోగం దీన్ని కొలిచి చూపించింది. లెక్కల ప్రాక్టీసులో కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు, కొందరికి జవాబు నేరుగా చెప్పకుండా టీచర్లు రాసిచ్చిన సూచనల ప్రకారం క్లూలు మాత్రమే ఇచ్చేలా కట్టడి చేసిన బాట్ ఇచ్చారు, మిగతావాళ్లకు ఏదీ ఇవ్వలేదు. బాట్ చేతిలో ఉన్నంతసేపు మామూలు బాట్ పిల్లలు 48 శాతం, కట్టడి చేసిన బాట్ పిల్లలు 127 శాతం మెరుగ్గా చేశారు. బాట్ తీసేసి పరీక్ష పెట్టగానే మామూలు బాట్ వాడినవాళ్లు అసలు ఏ బాట్ వాడని పిల్లల కంటే 17 శాతం వెనకబడ్డారు. క్లూలిచ్చే బాట్ వాడినవాళ్లకు ఆ నష్టం చాలావరకు లేకుండా పోయింది. రెండింటిలోనూ యంత్రం ఒకటే, జవాబు ఇచ్చేయాలా, ఆపి ఆలోచించనివ్వాలా అన్న నిర్ణయంలోనే తేడా అంతా. ఆ నిర్ణయం టీచర్ల చేతిలో ఉంటే ఏఐ గొప్ప సహాయకురాలవుతుంది, అరవై మంది ఉన్న క్లాసులో ఒక్కో పిల్లకు ఒక్కో రకంగా క్లూ ఇవ్వడం మనిషికి సాధ్యం కాని పని మరి. యాప్ ఎక్కువసేపు వాడించాలనుకునే కంపెనీ చేతిలోనే వదిలేస్తే యూట్యూబ్‌లో ఏం జరిగిందో అదే మళ్లీ జరుగుతుంది. బెంగళూరు బడుల్లో ఏఐ క్లాస్‌రూమ్ అని బోర్డు పెట్టుకుని ఫీజు పెంచుతున్నచోట తల్లిదండ్రులు అడగాల్సింది ఒక్కటే: ఇది పిల్లాడికి జవాబు ఇస్తుందా, వాడి తప్పును టీచర్‌కు చూపిస్తుందా?

సోషల్ మీడియా అంతా ఒకటే అనుకోవడం కూడా అన్యాయం. చూసేచోటు వేరు, చేసేచోటు వేరు. ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో మన కోడ్ పెడితే ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి ఇక్కడ తప్పుంది అంటారు. 2003 డిసెంబరులో మొదలై ఇవాళ లక్ష వ్యాసాలు దాటిన తెలుగు వికీపీడియాలో సొంత ఊరి మీద నాలుగు వాక్యాలు రాసి చూడండి, ఎవరో ఒకరు మూలం ఏదని అడుగుతారు, ఇంకొకరు వాక్యం సరిచేస్తారు, చర్చ పేజీలో వాదన నడుస్తుంది. పీహెచ్‌డీ గైడ్ చేసే పనిలో కొంత భాగం అక్కడ ఉచితంగా జరుగుతోంది. తెలుగు కుర్రాళ్ల గ్రూపుల్లో కొన్ని ఇలాగే నడుస్తాయి, రోజుకో ప్రాబ్లం పెట్టి, రాత్రికి అందరూ తమ కోడ్ పెట్టి, ఒకరిది ఒకరు చూసి తిట్టుకుంటూ దిద్దుకుంటారు. ఉద్యోగాల లింకులు, మోటివేషన్ కొటేషన్లు మాత్రమే తిరిగే గ్రూపులతో పోలిస్తే వీటిలో సందడి తక్కువ, ఫలితం చాలా ఎక్కువ.

బెంగళూరు తెలుగు ఇళ్లకు ప్రత్యేకమైన ఇంకో చదువు ఉంది, తెలుగు చదవడం. ఇక్కడి బడుల్లో 2015 చట్టం ప్రకారం కన్నడ నేర్పడం తప్పనిసరి, ఇక్కడ పెరిగే పిల్లలకు అది రావాల్సిందే. ఇంగ్లిష్, కన్నడ, హిందీ అయ్యేసరికి చాలా బడుల్లో తెలుగుకు పీరియడ్ మిగలదు. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లలు తెలుగు పేపర్ హెడ్డింగ్ చదవలేరు, నానమ్మకు మెసేజ్ ఇంగ్లిష్ అక్షరాల్లోనో, వాయిస్ నోట్‌గానో పంపుతారు. ఫోన్లో తెలుగు వీడియోలు కొల్లలు, కానీ వీడియో చూస్తే అక్షరం రాదు. విచిత్రమేమిటంటే ఈ పిల్లలకు పని సగం పైగా అయిపోయి ఉంది. కన్నడ, తెలుగు లిపులు ఒక్క తల్లి బిడ్డలు. గ, మ, య, న లాంటి అక్షరాలు చూపిస్తే కన్నడ వచ్చిన పిల్లలు అడక్కుండానే చదివేస్తారు. తలకట్టు ఆకారం వేరు, క, త, చ, శ లాంటివి కొన్ని వేరుగా నేర్చుకోవాలి, గుణింతాల పద్ధతి, వత్తుల పద్ధతి దాదాపు అదే. రోజూ కాసేపు కూర్చుంటే ఒక వేసవి సెలవుల్లో వచ్చేస్తుంది. చదవడానికి పుస్తకాలా అంటే, బెంగళూరులోనే ఉన్న ప్రథమ్ బుక్స్ 2015లో తెచ్చిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిలవారీగా, బొమ్మలతో, ఉచితంగా ఉన్నాయి.

లేనిదల్లా వినేవాళ్లే. పిల్ల బయటికి చదువుతుంటే, ళ దగ్గర ల అన్నప్పుడు, వత్తు మింగేసినప్పుడు ఆపి మళ్లీ చదవమనే మనిషి. అమ్మానాన్నలు ట్రాఫిక్ దాటుకుని ఇంటికొచ్చేసరికి ఎనిమిదవుతుంది. ఊళ్లో తాతయ్యలు, నానమ్మలు మాత్రం ఖాళీగానే ఉన్నారు, వాళ్ల దగ్గరా ఫోన్లున్నాయి. రెండు ఫోన్లలోనూ ఒకే కథ తెరిచిపెట్టుకుని వీడియో కాల్‌లో పావుగంట చదివించుకుంటే చాలు, కొన్ని ఇళ్లలో ఇప్పటికే చేస్తున్నారు. బెంగళూరులో తెలుగు సంఘాలు కూడా చాలానే ఉన్నాయి, ఉగాదికి హాలు తీసుకుని వేడుకలు చేస్తాయి. రిటైరైన తెలుగు టీచర్లను పదిమందిని పోగుచేసి, వారానికి రెండు సాయంత్రాలు పిల్లల చేత ఫోన్లో చదివించుకునే ఏర్పాటు అవి చేయొచ్చు. పదేళ్ల అనుభవమున్న తెలుగు ఇంజనీర్లు ఎలక్ట్రానిక్ సిటీలో, వైట్‌ఫీల్డ్‌లో వేల సంఖ్యలో ఉన్నారు. ఆదివారం అరగంట పాటు ఒక ఫ్రెషర్ రాసిన కోడ్ చూసి, ఇక్కడ ఈజ్ నల్ పెట్టాలమ్మా అని చెప్పడానికి వాళ్లలో కొందరైనా ముందుకొస్తారు. అడిగేవాళ్లు కావాలి, అడిగినవాళ్లను చెప్పేవాళ్లతో జతచేసేవాళ్లు కావాలి. దానికి ఇప్పుడున్న వాట్సాప్ గ్రూపు సరిపోతుంది, ఇంకో కొత్త యాప్ అక్కర్లేదు.